పై వరుస

"ఆ పొరపాటు నీదేనని చెప్పెయ్యమ్మా. ఆడమనిషివి, నిన్ను గట్టిగా ఏమీ అనరు," అన్నాడు టీమ్ లీడ్ ఫోన్‌లో. నేను మా ఆయన చొక్కాలు మడతపెడుతున్నాను. పదకొండింటికి ఆస్పత్రి వాళ్లతో వీడియో మీటింగ్. ఇంకా నలభై నిమిషాలుంది.

ఆస్పత్రి వెబ్‌సైట్‌లో పేషెంట్ల రిపోర్టులు లాగిన్ లేకుండానే తెరుచుకుంటున్నాయని పొద్దున ఫిర్యాదు వచ్చింది. ఏ అడ్రసు కొడితే ఏ పేజీ తెరవాలో చెప్పే రెజెక్స్ అనే అక్షరాల నమూనాలు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. సర్వరు పైనుంచి చూస్తుంది, మొదట సరిపోయిన దగ్గర ఆగిపోతుంది. అడ్రసులో రిపోర్ట్ అనే మాట తర్వాత అంకెలే ఉండాలి, లాగిన్ అడగాలి అని నేను రాశాను. దాని పైన లీడ్ డెమో కోసం ఇంకో వరుస పెట్టాడు: ఆ మాట తర్వాత ఏదున్నా సరే, లాగిన్ అక్కర్లేదు. ఇక నా వరుస దాకా ఏ అడ్రసూ రాదు. పదహారు రోజుల కిందటే దీని గురించి లీడ్‌కి మెయిల్ రాశాను. "డెమో అయ్యాక చూద్దాం. నీకన్నీ కంగారే," అని జవాబిచ్చాడు.

"సారీ చెప్తే నీ సొమ్మేం పోయింది?" అన్నాడు మా ఆయన టీవీ ముందు నుంచి. తొమ్మిదేళ్లుగా చెప్తూనే ఉన్నాను. ఆయన తాళాలు పారేసుకున్నా నేనే, అత్తయ్య మాత్రలు అయిపోయినా నేనే. "నువ్వొక్క మాటంటే ఇల్లు చల్లబడుతుంది కదే," అంటుంది అత్తయ్య. అలవాటు కొద్దీ లీడ్‌కి కూడా సరే సార్ అనబోయాను.

"మీటింగ్ అయ్యేదాకా ఆ వరుస ముట్టుకోకు," అన్నాడు లీడ్.

ఫోన్ పెట్టేసి, అడ్రసు చివర ఏదో అంకె కొట్టి చూశాను. ఇరవై ఒక్కేళ్ల అమ్మాయి. పేరు, ఇంటి నంబరు, గర్భ పరీక్ష ఫలితం. వెంటనే మూసేశాను. కానీ చదివేశాను.

ఆ వరుస తీసేశాను. అదే అడ్రసు మళ్లీ కొడితే లాగిన్ అడిగింది.

మీటింగ్‌లో ఆస్పత్రి మేనేజరమ్మ ఆ వరుస ఎవరు పెట్టారని అడిగింది. నా మెయిల్, లీడ్ జవాబు స్క్రీన్ మీద పెట్టి తేదీలతో సహా చదివాను. సర్వరు లెక్క ప్రకారం బయటివాళ్లు తెరిచిన రిపోర్టులు ముప్ఫై నాలుగని, ఆ పేషెంట్లందరికీ ఈరోజే ఫోన్ చేసి చెప్పాలని అన్నాను.

"అదేదో నువ్వే చూసుకోమ్మా," అన్నాడు లీడ్. "ఆడగొంతయితే వాళ్లు మెత్తబడతారు."

"లేదు సార్," అన్నాను. "మీరే చెయ్యండి."