తమ్ముడు వేసిన నిషేధం

రైనర్ రాజు మెట్లు దిగుతున్నాడు. అవి కోట మెట్లే, అయినా దిగేకొద్దీ చర్చి నేలమాళిగలోకి తీసుకుపోతున్నాయి, అక్కడ తల్లి శవపేటిక ఉండాల్సిన చోట చిన్ననాటి వంటిల్లు ఉంది, పొయ్యి ముందు తమ్ముడు లాంబర్ట్ బిషప్పు అంగీతోనే గొంతుక్కూర్చుని చేతులు కాచుకుంటున్నాడు. పొయ్యిలో నిప్పు లేదు. తమ్ముడు చెరలో చచ్చిపోయి నలభై రోజులైందని రైనర్‌కి తెలుసు, అయినా వింతగా అనిపించడం లేదు.

"అమ్మనింకా పూడ్చలేదు," అంటాడు రైనర్. "రాజ్యంలో ఏ శవానికీ ప్రార్థన లేదు, గంట లేదు. నువ్వు వేసిన నిషేధమేగా. తీసెయ్యి."

"చచ్చినవాడెలా తీస్తాడన్నా? నా శవమూ అమ్మ పక్కనే పడుంది. నా మాట నాకే తగిలింది."

బిషప్పు ఉంగరం ఆ వేలికి తొడిగింది రైనరే, తమ్ముణ్ణి కూర్చోబెడితే చర్చి తన గుప్పిట్లో ఉంటుందనుకున్నాడు, కానీ చర్చి గురువుల్ని నియమించే హక్కు రాజుది కాదని ఆ తమ్ముడే దేశంలోని చర్చిలన్నీ మూయించాడు. ఇప్పుడు వంటింటి గోడలు కరిగి దారి అవుతున్నాయి, దారికి రెండువైపులా పూడ్చని పేటికలు, కొన్ని మరీ చిన్నవి, వాటి పక్కన కూర్చున్న తల్లులు అతని వైపు చూడరు.

"ఒక్కమాట అడిగుంటే ఆ రోజే తీసేవాణ్ణి," అంటాడు లాంబర్ట్.

"అడిగానుగా."

"అడగలేదన్నా. సైనికుల్ని పంపావు."

"నిన్ను చంపమని నేను చెప్పలేదురా."

"తెలుసు. చెర తలుపు తియ్యమనీ చెప్పలేదు."

తలుపు ఎదురుగానే ఉంది. రైనర్ రెండు చేతులా గడియ లాగుతాడు, బలమంతా పెట్టి లాగుతాడు, అది కదలదు. వెనక్కి చూస్తే తమ్ముడు లేడు, తలుపు అవతలినుంచి ఎవరో ఓపిగ్గా తడుతున్నారు.

నిజంగానే తడుతున్నారు. గది నిండా మధ్యాహ్నపు ఎండ. కుర్చీలో కూర్చునే నిద్రపోయాడతను. బయటినుంచి మంత్రి హ్యూబర్ట్ గొంతు వినిపించింది.

"ప్రభూ, పోపుగారి దూత పొద్దుట్నుంచీ వాకిట్లో నిలబడే ఉన్నారు. గురువుల నియామకం వదులుకుంటేనే నిషేధం తీస్తారట. పొమ్మనమంటారా?"



"పొమ్మనకు," అన్నాడు రైనర్. "నేనే దిగివచ్చి అడుగుతానని చెప్పు."

లేచి వెళ్ళి తలుపు మీద చెయ్యి వేశాడు. గడియ ఒక్క వేలితో కదిలింది.