ఆగిన అప్పగింతలు

బోధన్ రాకాసిపేటల ఏ ఇంట పెండ్లయినా ఈరవ్వ బీడీల చాట పక్కకు వెట్టి, చేతులకంటిన తంబాకు కడుక్కొని పోయేది. పిల్లను, పిలగాన్ని చూసినంక, ఫొటోలు దీసే రామ్‌దాసు ఎక్కడున్నడో చూసేది. దుబాయి, మస్కట్ పోయినోల్లు అక్కడి నెట్‌సెంటర్ల కూసొని ఇంటి పెండ్లి చూసుకోవాలెనని రామ్‌దాసు కంప్యూటరు, కెమెరా, ఇంత పొడుగు వైరు పట్టుకొచ్చి లైవు నడిపిస్తడు. అయితే బోధన్ల నెట్ సంగతి తెలిసిందే గదా. అలిగిన అల్లునికన్న అధ్వానం. ఎప్పుడు ఆగుతదో దానికే ఎరుకలేదు.

నెట్ ఆగితె కెమెరాల వడ్డోల్లు గూడ ఆగుతరు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టె ఉంటది. చల్లిన తలంబ్రాలు గాల్లెనే ఉంటయి. బయట ఉన్నోల్లు ఆ లోపట చాయ్ తాగుతరు. అయ్యగారు తెలివిగల్లోడు, ఎప్పుడూ కెమెరాకు పక్కపొంటి కూసుంటడు, ఆయనకు ఇంకో పెండ్లి ఉంటది మరి. నెట్ వచ్చినంక ఆగినోల్లు ఆగిన కాడికెల్లే మొదలువెడ్తరు. నడుమ ఏం జరిగిందో వాల్లకు తెల్వది, ఆకలి గూడ కాదు.

గిప్పుడు ఈరవ్వ బిడ్డ మంజుల పెండ్లి వచ్చింది. పిలగాడు మార్కండేయ, వర్నిల బట్టల దుకానం, నెమ్మదస్తుడు. అన్నీ మంచిగనే కుదిరినయి, పిల్ల తండ్రే లేడు. లింబాద్రి మస్కట్ పోయిననాటికి మంజుల మూడో తరగతి. అక్కడ కంపెనీ ఇడిసిపెట్టి, పాస్‌పోర్టు లేకుంట సాటుంగ పని చేసుకుంటున్నడు. అక్కడి పోలీసులకు లొంగిపోతె పాస్‌పోర్టుకు బదులు ఔట్‌పాస్ ఇచ్చి ఇంటికి తోలిస్తరు. అట్ల మస్తుమంది వచ్చిండ్రు. లింబాద్రికే మనసొప్పుతలేదు.

"ఉత్త చేతులతోని ఎట్ల రావాలెనే? నలుగురు నవ్వుతరు," అన్నడు ఫోన్ల. "లైవుల చూస్త తియ్."

"అప్పగింతలు ఎవలు జేస్తరు?"

"తమ్ముడు దేవన్న ఉన్నడు గదా."

ఈరవ్వ ఫోన్ వెట్టేసింది. తండ్రి బతికుండంగ బిడ్డ చెయ్యి పట్టిచ్చెతందుకు మర్ది దిక్కాయెనా? బిడ్డ పెండ్లికి రానోడు ఇగ దేనికొస్తడు? ఆ మనిషి మీద ఎంత కోపమో అంత ప్రేమ, పావురం ఆమెకు. అదే ఆమె బాధ.

పెండ్లినాడు జీలకర్ర బెల్లం కాడ నెట్ ఒకపాలి ఆగి మల్ల వచ్చింది. కెమెరా పక్కన కంప్యూటర్ల లింబాద్రి మొకం మసక మసకగ కనవడ్డది. పగటి బువ్వల యాల్లకు అప్పగింతలు మొదలైనయి. ఇత్తడి పల్లెంల పాలు పోసిండ్రు. మంజుల చేతులు పాలల్ల ముంచి పైకి లేపింది. పక్కన మార్కండేయ నిలవడ్డడు. దేవన్న కండువ సదురుకుంట ఇంక వస్తనే ఉన్నడు. ఈరవ్వ కెమెరా ఎనుకకు పోయి, నడుముకు చెక్కుకున్న బీడాకు కత్తెర తీసి, వైరు పుటుక్కున కోసింది.

మంజుల ఆగింది. మార్కండేయ ఆగిండు. వేలికొసకు పాలచుక్క జారకుంట నిలవడ్డది.

"మల్ల పోయింది నెట్," అనుకుంట జనం బువ్వలకు లేచిండ్రు. రామ్‌దాసు వైరు ఎంబడి పోయి, కోసిన కొసను చూసి, ఈరవ్వ చేతులున్న కత్తెరను చూసిండు.

"అక్కా, గిదేం పని?"

"ముడెయ్యకు తమ్మీ. ఆయన వచ్చినంక ఏద్దువు."

రామ్‌దాసు వైరు ఇడిసిపెట్టిండు. కెమెరా కదలకుంట దాని కాళ్లకింద ఇటుకలు వెట్టిండు.

లింబాద్రి ఫోన్ జేసిండు. "బొమ్మ కదుల్తలేదు?"

"కదలది. నేనే కోసిన. బిడ్డ చేతులు సాపి నిలవడ్డది, నువ్వొచ్చి పట్టుకుంటెనే పెండ్లి నడుస్తది."

"నీకు పిచ్చి లేసిందా?"

"లేసింది," అన్నది ఈరవ్వ.

పిలగాని తల్లి రాధాబాయి లొల్లి జేసింది. "నా కొడుకును గిట్ల నిలవెడ్తవా వదినె?"

"నా బిడ్డ గూడ నిలవడ్డది గదా వదినె."

వానలు వడ్డయి, పందిరి మీద తాడిపత్రి కప్పిండ్రు. చక్కెర ఫ్యాక్టరీకి చెరుకు బండ్లు మొదలైనయి, ఊరంత బెల్లం పాకం వాసన. మంజుల మెడల మల్లెదండ వాడలేదు. రాధాబాయి వర్ని నుంచి బస్సుల వచ్చి పందిట్ల కూసునేది, ఊకె కూసోలేక ఈరవ్వ పక్కన బీడాకు కత్తిరించుడు నేర్చుకున్నది. పొద్దుగూకంగనే ఈరవ్వకు గుబులు పుట్టేది. ఆయన రాకపోతె? బిడ్డ బతుకును నా చేతులతోనే ఆపుకుంటినా? లింబాద్రి రోజు నెట్‌సెంటరుకు పోయి అదే బొమ్మ చూసి, "ఇయ్యాల గూడ గట్లనే ఉన్నది," అని ఫోన్ల ఏడ్చేటోడు. తర్వాత ఫోన్ వచ్చుడే బందయింది. ఈరవ్వ కత్తెర పక్కకు వెట్టి తొవ్వ చూసుకుంట కూసునేది.

ఒకనాడు నిజామాబాద్ బస్సు దిగి ఒక బక్కపల్చటి మనిషి పందిట్లకు వచ్చిండు. చేతుల ప్లాస్టిక్ సంచి, దాంట్ల ఔట్‌పాస్ కాయిదం, ఇంకేం లేదు. ఎవలు నవ్వలేదు. ఈరవ్వ ఆయన కాళ్లకు నీళ్లిచ్చింది. రామ్‌దాసు వైరు ముడేసిండు.

మంజుల కండ్లు ఆర్పింది. ఎదురుంగ తండ్రి మొకం చూసి నవ్వింది.

"ఇయ్యాల నెట్ మస్తు సాఫ్ వస్తున్నది బాపు," అన్నది.

లింబాద్రి సంచి కింద వెట్టిండు. పాలకు తడిసిన బిడ్డ చేతులు రెండు గట్టిగ పట్టుకున్నడు. గప్పుడు ఏడ్చింది మంజుల.