జేబుల్లేని అధ్యక్షురాలు

టైలరమ్మ స్కౌటు బృందానికి అధ్యక్షురాలైన వైనమే ఒక తమాషా. తల్లిదండ్రుల సభలో "ఈ ఏడు ఎవరుంటారు?" అని స్కౌట్ మాస్టారు అడగ్గానే అందరూ ఎవరి చెప్పులు వాళ్ళు చూసుకున్నారు. ఈవిడ మాత్రం పక్కనే నిలబడ్డ పెద్దమనిషి చొక్కాకు ఊడిపోబోతున్న గుండీ చూసి, ఆగలేక చెయ్యెత్తి పట్టుకోబోయింది. ఇంకేముంది! చెయ్యెత్తిందని అందరూ చప్పట్లు కొట్టేశారు.

హాలు తాళాలు, చిరిగిన గుడారాలు, అలిగిన తల్లిదండ్రులు ఆవిడ వంతు. పిల్లల పని మాత్రం పిల్లలదే. ఎవరు వండాలి, ఎవరిది తప్పు, అన్నీ పిల్లల్లోంచే ఎన్నుకున్న దళనాయకులు కూర్చుని తేల్చుకుంటారు. ఆ సభలో పెద్దలకు ఓటు లేదు, అడిగితే తప్ప నోరూ లేదు. పిల్లలు చేసిన పనిలో వేలుపెట్టిన పెద్దవాళ్ళు క్యాంపుకు రాకూడదని రూలు కూడా పెట్టారు. దానికి అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది ఈ మహాతల్లే.

పెళ్ళయింది మొదలు కుట్టుమిషను వదిలి ఒక్క రాత్రి బయట పడుకున్న మనిషి కాదు. ఈసారి పిల్లలతో తనూ క్యాంపుకు వెళ్తున్నానని తెలిసిన దగ్గర్నుంచి కాలు నేల మీద నిలవడం లేదు.

ఆ శనివారం హాలు వెనక గుడారాల పోటీ. కట్టడం ముగించి, మాస్టారు వచ్చి చూసేలోగా పిల్లలు మంచినీళ్ళకు పరిగెత్తారు. తన కూతురు నాయకురాలిగా ఉన్న దళం కట్టిన గుడారం ఒక పక్కకు ఒరిగి ఉంది. టైలరమ్మ ముఖం తిప్పుకుంది. మళ్ళీ చూసింది. ఒక్క తాడేగా, అనుకుంది. పిల్లలు తిరిగొచ్చేసరికి గుడారం ఇస్త్రీ చేసినట్టుంది.

మొదటి స్థానం వాళ్ళకే ఇచ్చారు. దళమంతా గంతులేసింది. కూతురు మాత్రం తాడు ముడి వంకే చూస్తూ నిలబడింది. అది ఇంట్లో బట్టల మూటలకు అమ్మ వేసే ముడి.

మర్నాడే దళనాయకుల సభ నుంచి పిలుపొచ్చింది. సభ నడిపేది కూతురే.

"అధ్యక్షురాలు గారూ," అంది కూతురు. పొద్దున "అమ్మా, నా సాక్సులేవే?" అని ఇల్లు పీకి పందిరేసిన నోరే అది. "మా గుడారం తాడు మీరు విప్పి కట్టారా?"

"ఒక్కటేనే... ఒక్కటేనండి." తేలు కుట్టిన దొంగలా ముఖం పెట్టి, "నాలుగూ," అంది.

"కంచే చేను మేస్తే ఎలాగండీ?" అన్నాడు కళ్ళజోడు నాయకుడు.

టైలరమ్మ తన చేతుల వంక చూసుకుంది. "వంకర కనిపిస్తే నా చేతులు ఊరుకోవు నాయనా. తప్పే. కానీ నాకు క్యాంపుకు రావాలనుంది. నిజంగా చాలా రావాలనుంది."

ఆవిడను బయట కూర్చోబెట్టి తలుపేశారు. లోపల గుసగుసలు, ఆ తర్వాత నవ్వులు. మళ్ళీ పిలిచారు.

"మొదటి స్థానం మేం వెనక్కిచ్చేశాం," అంది కూతురు. "మీరు రావచ్చు. కానీ మేం పని చేస్తున్నంతసేపూ మీ చేతులు జేబుల్లో ఉండాలి."

"నాకు జేబులెక్కడివే?"

"టైలరు మీరేగా!"

నిజమే, ఊరందరికీ జేబులు కుట్టిందే కానీ తనకంటూ ఒక్కటీ కుట్టుకోలేదు. ఆ సాయంత్రమే పొడుగు చొక్కాకు రెండు కుట్టుకుంది, మోచేతుల దాకా దిగేంత లోతుగా. తన చేతుల సంగతి తనకు తెలీదూ!

క్యాంపులో ఆవిడ గుడారం కూతురి దళమే కట్టింది. వంకరగానే కట్టింది. టైలరమ్మ పళ్ళు బిగబట్టి, జేబుల్లో చేతులతో లోపలికి దూరింది. అంతలో గాలి విసిరింది. గుడారం కాస్తా ఆవిడ నెత్తినే కూలింది.

మాస్టారు పరిగెత్తుకొచ్చారు. "ఆగండి సార్!" అని కూతురు అడ్డుపడి, గుడ్డ కింద కదులుతున్న గుట్ట వైపు వంగింది.

"అమ్మా! చేతులెక్కడున్నాయి?"

"జేబుల్లోనే ఉన్నాయే తల్లీ! తొందరగా కట్టండర్రా, నవ్వలేక చస్తున్నా!"

మళ్ళీ కట్టారు. ఈసారీ కాస్త వంకరే. ఆ రాత్రి టైలరమ్మ దాని కిందే గుర్రుపెట్టి నిద్రపోయింది, చేతులు జేబుల్లోంచి తియ్యకుండానే.