తెరిచినవాడే మూయాలి

స్కానింగ్ గది బయట చక్రాల కుర్చీలో నాన్న కూర్చున్నాడు. పొద్దున్నే మాట తడబడింది. కుడిచెయ్యి బరువుగా ఉందంటూనే నీళ్ల సీసా ఆ చేత్తోనే పట్టుకున్నాడు. తలలో రక్తం గడ్డకట్టిందో, నరం చిట్లిందో బొమ్మ చూస్తే గానీ మందు మొదలుపెట్టలేమన్నాడు డాక్టరు. బొమ్మ తీసి చాలాసేపయింది. డాక్టరు కంప్యూటరు తెర మీద మాత్రం చిన్న చక్రం గిర్రున తిరుగుతూనే ఉంది.

"ఈ ప్రోగ్రాములు రాసేవాళ్లని తెచ్చి ఇక్కడ కూర్చోబెట్టాలి!" అంది నర్సు, మౌస్‌ని టపటపా కొడుతూ.

కుర్చీ పక్కనే నిలబడ్డ కూతురికి ఒళ్లు మండిపోయింది, నర్సు మీద కాదు. ఆ ప్రోగ్రాము తన ఆఫీసుదే.

బొమ్మలు దాచే సర్వరు ఒకేసారి కొన్ని కనెక్షన్లే ఇస్తుంది. ఒకరు వదిలితేనే ఇంకొకరికి వంతు. అందుకే ఆమె రాసిన ఫంక్షను, అంటే ప్రోగ్రాములో ఆ పని చూసే ముక్క, కనెక్షన్‌ని ఎవరి చేతికీ ఇచ్చేది కాదు. నీ పనేదో నాకివ్వు, తెరిచేదీ నేనే, చేయించేదీ నేనే, మధ్యలో పని చెడినా మూసేదీ నేనే అన్నట్టుండేది. టీమ్ లీడరుకి అదంతా చాదస్తంగా తోచింది. ఏమడిగినా "అయిపోతుంది" అంటాడని ఆఫీసంతా ఆయన్ని 'అయిపోతుంది సారు' అంటారు. ఆ మహానుభావుడు దాన్ని పీకేసి, కనెక్షన్ తెరిచి చేతిలో పెట్టే ఫంక్షను ఒకటి రాశాడు. మూయడం వాడుకున్నవాడి దయ. బొమ్మ సగంలో ఆగిపోతే ఇక మూసే నాథుడే లేడు. ఆమె నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పింది. "పాఠాలు మొదలుపెట్టావా తల్లీ!" అని నలుగురిలో నవ్వాడు.

ఇప్పుడు ఆయనకే ఫోన్ చేసింది. "సార్, హాస్పిటల్లో ఉన్నాను. బొమ్మలు రావడం లేదు. కనెక్షన్లన్నీ ఎవరూ మూయక అలాగే ఉండిపోయాయి."

"తెలుసమ్మా. సర్వరు రీస్టార్ట్ చేయిస్తా, అయిపోతుంది. రోజూ చేస్తున్నదేగా!"

రోజూనా! తెలిసి తెలిసి ఈ నిర్వాకమా! ఆమె ఫోన్ స్పీకర్‌లో పెట్టి నర్సు బల్ల మీద ఉంచింది.

"మళ్లీ చెప్పండి సార్."

"అబ్బా, రోజూ చేస్తున్నదే! పేషెంట్లు ఓ పావుగంట ఆగలేరా?"

వరండాలో అందరూ ఇటు తిరిగారు. నర్సు ఫోన్ మీదికి వంగి, "ఆగలేరండీ," అంది.

పావుగంటకి సర్వరు మళ్లీ లేచింది. బొమ్మ వచ్చింది. "గడ్డే. లోపలికి తీసుకురండి, త్వరగా!" అని డాక్టరు కేకేశాడు. కుర్చీ కదిలేసరికి సీసా నేల మీద పడి దొర్లింది. నాన్న దానివైపు చూశాడు, చెయ్యి చాపబోయాడు. కుడిచెయ్యి లేవలేదు. ఆమె ఆ చేతిని ఎత్తి ఆయన ఒళ్లో పెట్టింది. అది ఆమె వేళ్లను పట్టుకోలేదు.

బల్ల మీద ఫోన్ ఇంకా మాట్లాడుతూనే ఉంది. "హలో, అయిపోయిందా అమ్మా?"

"లేదు సార్," అంది ఆమె, అందరికీ వినపడేలా. "మా నాన్న చెయ్యి రీస్టార్ట్ చేయించండి. అప్పుడు అయిపోతుంది."