మంచిమాటంటే భయం

దోయినా నేసిన తివాచీ మీద గులాబీలు నిజంగా పూసినట్టే ఉంటాయని సొరోకా ఊళ్ళో అందరూ అనేవారు. కానీ ఆ మనిషి మాత్రం ఎక్కడా నిలకడగా ఉండేది కాదు. బెల్త్సీ పట్నంలో ఒక బడి వంటశాలలో పనిచేసేటప్పుడు పిల్లలంతా కలిసి ఆమె పుట్టినరోజు చేశారు. మర్నాడే పెద్ద వంటావిడతో పోట్లాడి మానేసింది. తర్వాత ఇలారియోన్ అనే పశువుల డాక్టరుతో పెళ్ళి కుదిరింది. అతను ముచ్చటపడి కొత్త బూట్లు కొని తెచ్చాడు. పెళ్ళి పదిరోజులుందనగా అతని తల్లిని నానా మాటలూ అని సంబంధం తెంచేసుకుంది. ఎందుకలా చేశావంటే, "ఎలాగూ వాళ్ళే వదిలేసేవాళ్ళు. నేనే ముందు వదిలేశాను" అనేది. తన రాతే అంత అనుకునేది.

ముప్పై ఆరో ఏట అగాఫియా అనే విధవరాలి మగ్గాల షెడ్డులో చేరింది. ఇద్దరూ ఒకే మగ్గం ముందు పక్కపక్కన కూర్చుని నేసేవారు. అగాఫియాది గయ్యాళి నోరు. రోజూ ఏదో ఒకదానికి తిట్టిపోసేది. ఆ తిట్ల మధ్య దోయినా మూడేళ్ళు హాయిగా ఉంది.

ద్రాక్షకోతలు ముగిసిన ఒక సాయంత్రం అగాఫియా తన చేత్తో కుట్టిన గొర్రెతోలు కోటు తెచ్చి ఆమె భుజాల మీద వేసింది.

"చలికి వణుకుతూ నేస్తే ముడులు వదులవుతాయి, వేసుకో. ఇంకోమాట. నాకు పిల్లల్లేరు. ఈ మగ్గాలు నా తర్వాత నీవే."

దోయినా మర్నాడు పొద్దున్నే ఉన్నికి వేసిన ఎర్రరంగు పలచబడిందని గొడవ మొదలుపెట్టింది. "ఊరికే పెట్టే మొహమా నీది? చచ్చేదాకా నా చేత చాకిరీ చేయించుకోడానికేగా ఈ ఎర!" అని అరిచి, కోటు విసిరికొట్టి, సంచీ సర్దుకుని బస్టాండుకు వెళ్ళిపోయింది.

రాజధాని కిషినావ్ వెళ్ళే బస్సు రావడానికి ఇంకా అరగంట ఉంది. ఇంతలో అగాఫియా ఇంట్లో తొడుక్కునే చెప్పులతోనే రొప్పుతూ వచ్చి ఆమె పక్కన కూలబడింది.

"తిట్టాల్సినవి ఇంకేమైనా మిగిలాయా? ఉంటే కానివ్వు, వింటాను."

"ఏం లేవు. వెళ్ళు పెద్దమ్మా."

"వెళ్తాలే. ఒక్కటి చెప్పు. మూడేళ్ళు తిట్టినా కిక్కురుమనలేదు. కోటు ఇచ్చేసరికి పామును చూసినట్టు చూశావే? ఎవరే నీకు కోటు ఇచ్చి ఏడిపించింది?"

ఏమీ చెప్పకూడదనే అనుకుంది దోయినా. నోరు దానంతటదే అంది, "మా అమ్మ."

"ఏం చేసింది?"

"నాకప్పుడు ఎనిమిదేళ్ళు. ఒకరోజు పొద్దున్నే లేపి, వేడివేడిగా జున్ను రొట్టెలు చేసిపెట్టింది. రెండు జడలేసింది. కొత్త కోటు తొడిగి, బుగ్గలు కొరికేసినంతగా ముద్దులు పెట్టింది. బడికి ఎగురుకుంటూ వెళ్ళాను. సాయంత్రం వచ్చేసరికి ఇంట్లో లేదు. ముసలాళ్ళకి సేవ చేసే పని దొరికిందట, ఇటలీ వెళ్ళిపోయింది. చెబితే ఏడుస్తానని చెప్పలేదంది అమ్మమ్మ. తర్వాత ప్రతి వేసవికీ వచ్చేది. వెళ్ళే రోజు మళ్ళీ అంతే. జడలు, ముద్దులు, కొత్త బట్టలు..."

దోయినా చటుక్కున ఆగిపోయింది. ఇలారియోన్ తెచ్చిన బూట్లు కళ్ళముందు మెదిలాయి.

"అయ్యో పెద్దమ్మా! ఇదంతా తెలిసే చేశానా నేను?"

"తెలిస్తే ఎవరు చేస్తారే? చిన్నప్పుడు కుక్క కరిచినవాళ్ళు కుక్కపిల్లని చూసినా పరిగెత్తరూ? నువ్వూ పరిగెత్తావు. పరిగెత్తి పరిగెత్తి నీ నోట్లో నువ్వే మన్ను కొట్టుకున్నావు, పిచ్చిదానా."

బస్సు వచ్చింది. డ్రైవరు హారన్ మోగించాడు. దోయినా లేవలేదు.

అది ఒక్కరోజులో తీరే జబ్బు కాదు. ఎవరైనా మెచ్చుకుంటే చాలు, ఇంకా పోట్లాటకి నాలుక దురద పెట్టేది. అయితే ఇప్పుడు, "పెద్దమ్మా, మళ్ళీ వచ్చింది" అని చెప్పేసేది. "రానీ. ఆ అంచు పూర్తిచేసి పోట్లాడుదువుగాని" అనేది అగాఫియా. అంచు పూర్తయ్యేసరికి దురద తగ్గిపోయేది. ఇలారియోన్‌కి ఎప్పుడో పెళ్ళయిపోయింది. అయినా అతని తల్లికి క్షమించమని ఉత్తరం రాసింది. ఆవిడ జవాబు రాయలేదు గానీ ఒక సీసాడు పండ్ల మురబ్బా పంపింది. ఇటలీకి ఫోన్ చేస్తే తల్లి, "నీ ఏడుపు చూస్తే కాలు కదలదని భయపడ్డానే తల్లీ" అంది. ఇద్దరూ చాలాసేపు ఏడ్చారు.

ఆ శీతాకాలం అగాఫియా కంటికి శుక్లం ముదిరింది. ఆపరేషన్‌కి కిషినావ్ వెళ్ళాలి. వారం ముందునుంచే ఆ ముసలామె రోజూ చెప్పడం మొదలుపెట్టింది. "శుక్రవారం తొమ్మిదింటి బస్సు. మంగళవారం సాయంత్రం తిరిగొస్తాను. విన్నావా?" శుక్రవారం దోయినాని బస్టాండుదాకా తోడు తీసుకెళ్ళి, బస్సు మెట్టెక్కాక కూడా వెనక్కి తిరిగి, "ఇదిగో, వెళ్తున్నాను" అని మరోసారి చెప్పింది.

బస్సు మలుపు తిరిగేదాకా చూసి దోయినా బావురుమంది. వెళ్ళేవాళ్ళని చూస్తూ ఏడవడం ఆమెకదే మొదటిసారి. గుండెల్లో ఏళ్ళ తరబడి పేరుకున్నదేదో కరిగి తేలికైనట్టుంది. ఆ ముసలామెకు ఎన్ని తివాచీలు నేసిస్తే ఈ రుణం తీరుతుందా అనుకుంటూ ఏడుస్తూనే నవ్వింది.

టిక్కెట్లమ్మే ఆవిడ కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏమ్మా, ఎవరు పోయారు?" అంది కంగారుగా.

"ఎవరూ పోలేదు పిన్నీ," అంది దోయినా కళ్ళు తుడుచుకుంటూ. "మా పెద్దమ్మ నాతో చెప్పి వెళ్ళింది."