నొప్పి పలికిన భాష

చెఱకుతోఁటల నిశితపత్రములపై నిలిచిన హిమబిందువులు బాలభానుకిరణములు సోఁకి ముత్యములవలె మెఱయుచుండ, హిందూమహాసముద్రపు గాలి దక్షిణాఫ్రికాయందలి నేటాలు సీమనెల్లఁ జల్లఁబఱచుచుండ, ఎడ్విను హార్‌గ్రేవు దొరకు మాత్రము చెమటలు పట్టుచుండెను. పురమందిరపు మైదానమున వేదిక కట్టింపవలెను, పతాకములు వ్రేలఁగట్టింపవలెను, తోఁటదొరల కాసనములు వేయింపవలెను, వచ్చినవారికి తేనీరు కాఁచింపవలెను, అన్నిటికి మించి, తెలుఁగు కూలీల యిండ్లవరుసను ఊరినుండి పెకలించు తీర్మానమును నెగ్గింపవలెను.

శ్వేతాధిక్యసమాజపు ఉత్తరతీరశాఖ కధ్యక్షుఁడగుట కాతని నాలుకయే నిచ్చెన యయ్యెను. తెల్లవారి యూరు తెల్లవారిదే యని గర్జించి గర్జించి, యొక యంగడి గుమాస్తా సీమకంతకు నాయకుఁడయ్యెను. ప్రసవమందే కన్నతల్లి గతింపఁగాఁ దనకుఁ జన్నిచ్చి పెంచినది విశాఖపట్టణపు సీమనుండి కూలికి వచ్చిన పైడమ్మ యను మాటను మ్రింగి, స్కాట్లండు దాది పెంచెనని చెప్పుకొనుచుండెను. పైడమ్మ యిల్లును ఆ వరుసలోనిదే. నాఁడు తేనీరు కాఁచ వచ్చినవారిలో నామెయు నుండెను.

సభ నిండెను. "నల్లదాది పాలు త్రాగినవాఁడు తెల్లవాఁడు కానేకాఁడు!" అని యెడ్విను చేయెత్తి పలుకుచుండఁగనే, యెచటినుండియో వచ్చిన కందిరీఁగ యొకటి యాతని మెడపైఁ గుట్టెను. ఆంగ్లవాగ్ధాటి యంతయు నెటు పోయెనో గాని,

"ఓలమ్మో! సచ్చిపోనానే! ఓలమ్మో!" అని యాతఁడు గంతులు వేసెను.

పైడమ్మ చేతిలోని పాత్రను విడిచి వేదిక యెక్కెను. "ఏటయినాది బాబూ? ఎక్కడ కుట్టినాది? ఉండుండు, గోక్కోకు!" అనుచు రొంటినున్న సున్నపుకాయ తీసి యాతని మెడకుఁ బూసెను.

"హార్‌గ్రేవూ! స్కాట్లండు దాది నేర్పిన రోదన మిట్లుండునా?" అని యొక తోఁటదొర కేక వేసెను.

"నీ మాట ప్రకారము మొదట నూరు విడువవలసినవాఁడవు నీవే!" అని మఱియొకఁడు.

మైదానమంతయు నవ్వెను. కాని యా నవ్వు నడుమనే తగ్గిపోయెను. అట్టి దాదుల చేతులలోనే పెరిగిన దొరలు పలువురు తమ బూట్లవంకఁ జూచుకొనిరి. తీర్మానమున కొక్క చేయియు లేవలేదు. అధ్యక్షపదవియు నాఁడే యూడెను.

సంధ్యవేళ నెడ్విను పైడమ్మ గుమ్మముకడ నిలిచెను.

"ఏటి, ఇల్లు పీకించడానికొచ్చినావా?"

"కాదమ్మా. రానిస్తావేటో అని వచ్చినాను."

"తిట్టడానికి దొరబాసా, ఏడవడానికి నా బాసా? బాగుందిరా నీ తెలివి! గుమ్మం దాటకు. రేపు ఈ వరసోళ్లందరి ముందరా తప్పొప్పుకో. అప్పుడు గంజి పోస్తాను."

మఱునాఁ డాతఁడు తల వంచి యొప్పుకొనెను. కొందఱు మొగము త్రిప్పుకొనిరి; ఒక ముసలమ్మ యుమిసెను. పైడమ్మ మాత్రము గంజి పోసెను. పదవి పోయినందుల కాతఁడు మఱి యెన్నఁడును వగవలేదు. ఆ గుమ్మము తన్ను మరల లోనికి రానిచ్చినందులకుఁ దుదిదాఁక కృతజ్ఞుఁడై, దొరల సభలలో ఆ వరుస పక్షమున వాదించుచు, వారి యేవగింపు సహించుచు బ్రతికెను.

ఇండ్లు నిలిచెను. పైడమ్మ తన యింటనే, తన చాపపైననే కన్నుమూసెను. చదువరులారా, ఎడ్వినును మఱచినను దోషము లేదు. పైడమ్మ యను పేరును మాత్రము మీ యింట నెవరితోనైన నొక్కమాఱు పలుకుఁడు.