వెర్లీన్ పాకలో జైలు పాట

ఆదివారం చర్చి వదిలాక వెర్లీన్ రేకుల పాకలో చేపలు వేగడం మొదలయ్యేది. పత్తి మిల్లువాళ్లు, ట్రాక్టర్లు తోలేవాళ్లు బీరు సీసాలు పట్టుకుని చేరేవాళ్లు. ఓ మూల గిటారు మోగేది. మిసిసిపీ డెల్టాలో అలాంటి పాకలు చాలా ఉన్నా, ఇక్కడ మాత్రం పాట ఎవరు ఎత్తుకున్నా, ఆ కష్టం పడ్డవాళ్ల నోట్లోంచే వచ్చేది. ఒకసారి ఎవరో పెళ్లాం వదిలేసిపోయిన పాట ఎత్తుకుంటే గొంతు మంగలి హోసియాది వచ్చింది. హోసియా బీరు పక్కన పెట్టి, పాట పూర్తిచేసి, మళ్లీ తాగాడు.

అందుకే పాటగాడు ఓడెల్ తన జైలు పాట ఇక్కడ ఎన్నడూ పాడలేదు. మెంఫిస్ బార్లలో అతనికి పేరు తెచ్చింది ఆ పాటే. జైలు పొలంలో పలుగు పట్టింది మాత్రం అతని అన్న క్లియోటిస్. ఇప్పుడు వెర్లీన్ వంటింట్లో చేపలు వేయించేదీ అతనే.

ఆ ఆదివారం మెంఫిస్ నుంచి రికార్డులు వేసే ఆయన మైకుతో సహా దిగాడు. "నీ జనం మధ్య పాడితే వినాలి, ఆ జైలు పాట" అన్నాడు.

ఓడెల్ వంటింట్లోకి వెళ్లాడు. "అన్నా, ఐసు డిపోకెళ్లి ఓ మూట తెస్తావా?"

"పెట్టె నిండా ఉంది కదరా."

"జనం ఎక్కువున్నారు."

క్లియోటిస్ తమ్ముడి మొహం ఒకసారి చూసి, చేతులు తుడుచుకుని వెళ్లాడు.

ఓడెల్ తీగలు మీటి నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. కాసేపటికి రోడ్డు మీంచి బొంగురు గొంతు వినబడింది. జనం కుర్చీలు తలుపువైపు తిప్పుకున్నారు.

"వాయించడం ఆపకు, మనిషి వస్తున్నాడుగా" అంది వెర్లీన్.

భుజాన ఐసు మూటతో, పాడుతూనే లోపలికొచ్చాడు క్లియోటిస్. చివరికొచ్చేసరికి ఓడెల్ కట్టని చరణం ఒకటి మొదలైంది. లారీ తోలింది తమ్ముడని, మనిషి మీదికి ఎక్కించింది తమ్ముడని, వాడికింకా మీసమైనా రాలేదని లారీ తాళాలు తన జేబులో వేసుకుని జైలుకి తనే పోయానని. క్లియోటిస్ చేత్తో నోరు మూసుకున్నాడు. పాట వేళ్ల సందుల్లోంచి వచ్చింది.

ఓడెల్ వైపు ఒక్కరూ చూడలేదు. చూసినా బాగుండేది.

"చెప్పాలనుకోలేదురా" అన్నాడు అన్న.

"తెలుసన్నా."

"ఈయనెవరు? నీకెవరూ లేరన్నావు కదా?" అన్నాడు మెంఫిస్ ఆయన.

"అబద్ధం చెప్పాను. మా అన్న, క్లియోటిస్ బ్యాంక్‌హెడ్. రికార్డు మీద ఆ పేరే వేయండి." ఓడెల్ తలెత్తకుండానే మళ్లీ తీగలు సవరించాడు. అన్న మైకు ముందుకొచ్చి నిలబడ్డాడు.

సోమవారం పొద్దున్నే ఓడెల్ మిల్లు వెనక వీధికి వెళ్లాడు. లారీ కింద పోయినవాడి భార్య ఐవరీ వరండాలో చిక్కుళ్లు ఒలుస్తోంది. అతను టోపీ తీశాడు.

"మీ అన్న ఆనాడే వచ్చి దణ్ణం పెట్టి వెళ్లాడు, జైలుకి పోయే ముందు" అంది ఆవిడ. "నీకేం పనయ్యా ఇక్కడ?"

ఓడెల్ నోరు తెరిచాడు. ఈసారి తన గొంతే వచ్చింది.